పెంటాక్స్ కె1000

పెంటాక్స్ కె1000 జపానుకు చెందిన అసాహి ఆప్టికల్ కంపెనీ 1976లో విడుదల చేసిన ఫిల్ము కెమెరా. ఇది 35 మి.మీ. ఫిల్ముతో పనిచేసే సింగిల్ లెన్స్ రిఫ్లెక్స్ (ఎస్.ఎల్.ఆర్.) తరగతికి చెందినది. దీని తయారీ 1997 వరకు సాగినది. ఈ కాలములో 30 లక్షలకు పైగా కెమెరాలు తయారైనవి. అనేక దేశాలలో ఫోటోగ్రఫీ విద్యార్థులకు ఇదే తొలి కెమెరాగా ఉండేది. పాత కెమెరాతో ఫోటోలు తీయడం నేర్చుకొనదలచిన వారు నేటికీ దీనిని ఎంచుకొంటున్నారు.

ఈ కెమెరా తనంతట తాను ఏ నిర్ణయమూ తీసుకోదు. ఫోకస్, అపెర్చరు, షట్టరు వేగము - మూడింటినీ ఫోటో తీసేవారే నిర్ణయించవలెను. పొరపాటు జరిగినా ఆ క్షణములో తెలియదు. రీలు కడిగిన తరువాతనే తెలుస్తుంది. అప్పటికి ఆ పెళ్ళి ముగిసిపోవచ్చును, ఆ మనిషి ఊరు విడిచి వెళ్ళిపోవచ్చును. కనుక ఏ దశలో ఏ పొరపాటు జరుగుతుందో ముందే తెలిసికొని, ఆ దశలోనే సరిచూసుకొనడం ఈ కెమెరా వాడకములో ముఖ్యమైన విషయము.

చరిత్ర

అసాహి ఆప్టికల్ కంపెనీ 1919లో ప్రారంభమైనది. పెంటాక్స్ అనునది ఆ సంస్థ కెమెరాల పేరు. 1975 వరకు ఈ కెమెరాలకు లెన్సును మరవలె తిప్పి బిగించవలసి వచ్చేది. ఆ సంవత్సరములో కె2, కెఎక్స్, కెఎమ్ అనే మూడు కెమెరాలతో 'కె' బిగింపు పద్ధతి వచ్చినది. ఇందులో లెన్సును కొద్దిగా తిప్పితే చాలును, గట్టిగా పట్టుకొంటుంది. కెఎమ్ నుండి సెల్ఫ్ టైమరు వంటి కొన్ని సదుపాయాలను తొలగించి, తక్కువ ధరలో తయారు చేసిన కెమెరాయే కె1000. షట్టరు గరిష్ఠ వేగము సెకనులో 1000వ వంతు అయినందున దీనికి ఈ పేరు వచ్చినది. మొదట జపానులోను, తరువాత హాంకాంగులోను, చివరి కాలములో చైనాలోను దీనిని తయారు చేశారు.

నిర్మాణము

లెన్సు గుండా వచ్చిన కాంతి లోపలి అద్దముపై పడి, పైనున్న పట్టకము ద్వారా కంటికి చేరుతుంది. కనుక ఫిల్ముపై పడబోయే దృశ్యమే వ్యూ ఫైండరులో కనిపిస్తుంది. బటను నొక్కగానే అద్దము పైకి లేస్తుంది, దాని వెనుకనున్న గుడ్డ తెరల షట్టరు తెరచుకొంటుంది. ఫిల్ముపై 24×36 మి.మీ. కొలతలు గల చిత్రము ఏర్పడుతుంది.

షట్టరు వేగాలు 1 సెకను నుండి 1/1000 సెకను వరకు ఉన్నవి. 'బి' అనే గుర్తు వద్ద పెడితే బటను నొక్కి ఉంచినంతసేపు షట్టరు తెరచియే ఉంటుంది. షట్టరు పూర్తిగా యాంత్రికము. దీనికి బ్యాటరీ అవసరము లేదు. కాంతిని కొలిచే మీటరుకు మాత్రమే 1.5 వోల్టుల చిన్న బిళ్ళ బ్యాటరీ (ఎల్.ఆర్.44 లేదా ఎస్.ఆర్.44) ఒకటి కావలెను. మీటరుకు స్విచ్చి లేదు. లెన్సు గుండా వెలుతురు వచ్చినంతసేపు అది పనిచేస్తూనే ఉంటుంది. వాడనప్పుడు లెన్సుకు మూత పెట్టనిచో బ్యాటరీ త్వరగా అయిపోతుంది.

కొనుటకు ముందు పరీక్షలు

ఈ కెమెరాలలో అన్నిటికంటె కొత్తది కూడా పాతికేళ్ళు దాటినదే. పైకి మెరుస్తున్నంత మాత్రాన లోపల బాగున్నదని చెప్పలేము. వెనుక తలుపు తెరవడానికి ముందు, రివైండు మీటను నెమ్మదిగా కుడివైపుకు తిప్పి చూడవలెను. బరువుగా తగిలితే లోపల ఎవరిదో రీలు ఉన్నట్లు. తలుపు తెరచినచో ఆ ఫోటోలు పాడవుతాయి.

• షట్టరు: రీలు లేకుండా వెనుక తలుపు తెరచి ఒక్కొక్క వేగము వద్ద బటను నొక్కవలెను. 1 సెకనుకు, 1/2 సెకనుకు, 1/4 సెకనుకు తేడా చెవికి తెలియవలెను. 1/1000 వద్ద వెలుతురు వైపు పెట్టి చూస్తే చట్రమంతటా సమానముగా మెరవవలెను. ఒక పక్క చీకటిగా ఉంటే తెరలు సరిగా కదలడం లేదు.
• లెన్సు: టార్చిలైటు వేసి చూస్తే సాలెగూడు పోగులవంటి బూజు ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. అపెర్చరు రేకులపై నూనె మరకలు ఉండకూడదు.
• స్పాంజి: వెనుక తలుపు అంచు గాడులలో వెలుతురు చొరకుండా నల్లని స్పాంజి ఉంటుంది. ఏళ్ళు గడిచిన కొద్దీ అది తారువలె జిగురుగా మారుతుంది. దీనిని తీసి కొత్తది వేయించడం సులభమే, ఖర్చు కూడా తక్కువ.
• బ్యాటరీ గది: పచ్చని లేదా తెల్లని పొక్కులు ఉంటే పాత బ్యాటరీ కారినదని అర్థము. గుడ్డకు కొద్దిగా వెనిగరు అద్ది తుడిస్తే చాలాసార్లు శుభ్రపడుతుంది.

ఒలింపస్ ఓఎమ్-1 వంటి కొన్ని సమకాలీన కెమెరాలకు 1.35 వోల్టుల పాదరసపు బ్యాటరీ కావలెను. అవి ఇప్పుడు తయారగుట లేదు. కె1000కు ఆ చిక్కు లేదు.

రీలు ఎక్కించుట

మొదటి రీలుకు ఐ.ఎస్.ఓ. 200 లేదా 400 గల నెగెటివ్ ఫిల్ము అనువైనది. స్లైడు ఫిల్ము చిన్న పొరపాటును కూడా సహించదు. నెగెటివ్ ఫిల్ము, ముఖ్యముగా కాంతి కొంత ఎక్కువైనప్పుడు, సర్దుకొంటుంది.

రీలును నీడలో ఎక్కించవలెను. రివైండు మీటను పైకి లాగితే తలుపు తెరచుకొంటుంది. డబ్బీని ఎడమ గదిలో ఉంచి మీటను క్రిందికి నొక్కవలెను. ఫిల్ము కొసను కుడివైపు చుట్టకు ఉన్న చీలికలో దూర్చి, లివరును ఒకసారి తిప్పవలెను. ఫిల్ము రెండు అంచుల రంధ్రాలు పళ్ళచక్రానికి పట్టినవని చూసిన తరువాతనే తలుపు మూయవలెను. వెలుతురు సోకిన భాగము దాటిపోవుటకు, లెక్క చూపే అంకె 1కి వచ్చువరకు ఖాళీగా బటను నొక్కవలెను.

మొదటిసారి వాడేవారిలో ఎక్కువమంది రీలు పోగొట్టుకొనేది ఈ దశలోనే. కొస చీలికలోనుండి జారిపోతే లివరు యథాప్రకారము తిరుగుతుంది, అంకెలు 36 వరకు పెరుగుతాయి, ఫిల్ము మాత్రము డబ్బీలోనే ఉండిపోతుంది. దీనిని కనిపెట్టుటకు సులభమైన గుర్తు ఒకటి ఉన్నది. తలుపు మూసిన తరువాత రివైండు మీటను నెమ్మదిగా కుడివైపుకు తిప్పి వదులు తీసివేయవలెను. ఆపైన లివరు తిప్పిన ప్రతిసారి ఆ మీట ఎడమవైపుకు తిరగవలెను. తిరగనిచో ఫిల్ము కదలడం లేదు.

చివరగా షట్టరు డయలు వెలుపలి అంచును పైకెత్తి తిప్పి, ఫిల్ము ఐ.ఎస్.ఓ. అంకెను గవాక్షములో కనిపించునట్లు పెట్టవలెను. ఇది మరచిపోతే మీటరు చెప్పేదంతా తప్పవుతుంది.

కాంతిని కొలుచుట

వ్యూ ఫైండరు కుడి అంచున ఒక ముల్లు కనిపిస్తుంది. అది మధ్యకు వస్తే కాంతి సరిపోయినట్లు, పైకి పోతే ఎక్కువైనట్లు, క్రిందికి పోతే తక్కువైనట్లు. అపెర్చరును గాని షట్టరు వేగాన్ని గాని మార్చి ముల్లును మధ్యకు తేవలెను. అపెర్చరు అంకె పెరిగిన కొద్దీ రంధ్రము చిన్నదవుతుంది. ఎఫ్/16 వద్ద 1/125, ఎఫ్/11 వద్ద 1/250, ఎఫ్/8 వద్ద 1/500 - ఈ మూడింటిలోను ఫిల్ముకు అందే కాంతి ఒక్కటే.

మీటరు పాడైనా ఫోటోలు తీయవచ్చును. ఎండలో ఎఫ్/16 పెట్టి, షట్టరు వేగాన్ని ఐ.ఎస్.ఓ. అంకెకు దగ్గరగా ఉంచితే చాలును. ఐ.ఎస్.ఓ. 100కు 1/125, 200కు 1/250, 400కు 1/500 వేగము సరిపోతుంది. పలుచని మబ్బు పట్టి నీడలు మెత్తబడితే ఎఫ్/11, నీడలు కనీకనిపించనప్పుడు ఎఫ్/8, దట్టముగా మబ్బు పడితే ఎఫ్/5.6, చెట్టు నీడలోగాని వసారాలోగాని ఉన్నవారికి ఎఫ్/4 వాడవలెను.

మీటరు తాను చూసే ప్రతిదానిని మధ్యరకపు బూడిద రంగుగా భావిస్తుంది. సున్నము వేసిన గోడను నిండుగా చూపి ముల్లు మధ్యకు తెస్తే తెల్లని గోడ బూడిదగా వస్తుంది. అప్పుడు అపెర్చరును ఒకటి లేక రెండు మెట్లు పెద్దది చేయవలెను. కిటికీకి ఎదురుగా కూర్చున్న మనిషిని లోపలినుండి తీసేటప్పుడు, ముందుగా ముఖానికి దగ్గరగా వెళ్ళి కొలత చూసుకొని, తిరిగి వెనుకకు వచ్చి తీయవలెను. లేనిచో ముఖము నల్లగా మిగులుతుంది.

50 మి.మీ. లెన్సుతో చేతిలో పట్టుకొని తీసేటప్పుడు వేగము 1/60 కంటె తగ్గితే చిత్రము కదిలినట్లు రావచ్చును. ఫోకస్ సరిగా కుదిరినప్పుడు వ్యూ ఫైండరు మధ్యలోని చుక్కల మినుకు ఆగి, ఆ భాగము తేటగా కనిపిస్తుంది.

రీలు ముగిసిన తరువాత

లివరు బిగుసుకొంటే బలవంతము చేయకూడదు. ఫిల్ము డబ్బీనుండి తెగి ఊడిపోతుంది. కెమెరా అడుగున ఉన్న చిన్న బటనును నొక్కి, రివైండు మీటను బాణము గుర్తు వైపు తిప్పవలెను. బిగువు ఒక్కసారిగా వదలిన తరువాతనే తలుపు తెరవవలెను.

కలర్ నెగెటివ్ ఫిల్మును 37.8 డిగ్రీల సెల్సియస్ వద్ద కడుగుతారు. ఈ వేడిని ఖచ్చితముగా నిలుపవలసియుండుటచే ఈ పనిని లాబ్‌కు అప్పగించడం మేలు. నలుపు తెలుపు ఫిల్మును ఇంటివద్దనే కడగవచ్చును. చీకటి గదిలోగాని, కాంతి చొరని సంచిలోగాని ఫిల్మును ట్యాంకులో చుట్టి మూత పెడితే, ఆపై పని వెలుతురులోనే సాగుతుంది. డెవలపరు కాంతి సోకినచోట వెండిని వెలికి తెస్తుంది. ఫిక్సరు మిగిలిన వెండి లవణాలను కరిగించివేస్తుంది. సాధారణముగా 20 డిగ్రీల వద్ద కడిగే సమయాన్ని సూచిస్తారు. మన ఎండాకాలములో కుళాయి నీరు 30 డిగ్రీలు దాటుతుంది గనుక, డెవలపరు సీసాను మంచు ముక్కలు వేసిన నీటిలో ఉంచి చల్లార్చవలెను.

నెగెటివ్‌ను చదువుట

చెడిపోయిన రీలు కూడా కారణము చెబుతుంది. ఫిల్ము అంచున తయారీదారు ముద్రించిన అంకెలు, అక్షరాలు ఉంటాయి. అవి కడిగినప్పుడే కనిపిస్తాయి. కనుక ముందుగా వాటినే చూడవలెను.

• అంచు అంకెలు ఉన్నవి, చిత్రాలు లేవు: కడగడం సరిగానే జరిగినది. ఫిల్ము కదలలేదు, లేదా షట్టరు తెరచుకొనలేదు.
• అంచు అంకెలు కూడా లేవు, ఫిల్మంతా పారదర్శకముగా ఉన్నది: కడగడములో లోపము.
• అంచులతో సహా నల్లబడినది: రీలుకు వెలుతురు తగిలినది.
• అంచునుండి చిత్రములోనికి నల్లని చారలు: తలుపు స్పాంజి పాడైనది.
• ప్రతి చిత్రము ఒకే పక్కన పలుచన: షట్టరు తెరల లోపము.
• చిత్రాలన్నీ పలుచన: కాంతి చాలలేదు. ఐ.ఎస్.ఓ. అమరిక చూడవలెను.

ఈ కారణాలను వేరుపరచుటకు, ప్రతి ఫోటోకు అపెర్చరు, వేగము, వెలుతురు స్థితి ఒక పుస్తకములో వ్రాసుకొనడం మంచి అలవాటు. మొదటి రీలును ఇంటి పరిసరాలలో పరీక్షకే వాడవలెను. దానిని చూసిన తరువాతనే ఈ కెమెరాను శుభకార్యాలకు తీసుకొనిపోవలెను.

భద్రపరచుట

తేమ గల ప్రాంతాలలో, ముఖ్యముగా కోస్తా జిల్లాల వానాకాలములో, లెన్సుకు బూజు పడుతుంది. తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచితే తేమ మరింత నిలుస్తుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచి, అప్పుడప్పుడు తీసి వాడుతూ ఉండవలెను. ఎక్కువ కాలము వాడనప్పుడు బ్యాటరీని తీసివేయవలెను.

నేటి స్థితి

ఊటీలోని ప్రభుత్వ రంగ సంస్థ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ ఒకప్పుడు 'ఇందు' పేరుతో నలుపు తెలుపు ఫిల్ములను తయారుచేసేది. ఆ సంస్థ మూతపడినది. పెంటాక్స్ కెమెరాల వ్యాపారము 2011లో రికో సంస్థ చేతికి వచ్చినది. ఆ సంస్థ 2024లో పెంటాక్స్ 17 అనే కొత్త ఫిల్ము కెమెరాను విడుదల చేసినది. కె1000 మాత్రము పాతవి చేతులు మారుతూనే లభిస్తున్నది. 'కె' బిగింపు గల పాత లెన్సులు దీనికి సరిపోతాయి. అయితే అపెర్చరు రింగు లేని తరువాతి కాలపు లెన్సులతో అపెర్చరును మార్చుట వీలుపడదు.