చేతిసంచి లేని ప్రయాణము

మా తీరములో ఏ ఇంటివారు పరదేశమునకు ప్రయాణమవుతున్నారో ఎవరినీ అడగనక్కరలేదు. రెండు రోజుల ముందు నుండే ఆ వీధి అంతా రొయ్యల పచ్చడి వాసన వస్తుంది. మైపాడు మొదలుకొని తుమ్మలపెంట వరకు ఏ ఊరికి వెళ్ళినా ఇదే తంతు. ముందటి రాత్రి ఇంటిలో ప్రార్థన కూటము, అయ్యగారి దీవెన, ఆ తరువాత పెట్టెలు సర్దడము. పెద్దపెట్టె తూకమునకు నిండిపోగానే మిగిలినదంతా చేతిసంచిలోనికి వెళ్తుంది. తల్లి తన ప్రేమనంతటినీ ఆ చేతిసంచిలోనే కుక్కుతుంది. తెల్లవారి చెన్నైలో ఆ సంచి విప్పి, ఇది కూడదు, అది కూడదు అని బల్ల మీద తీసిపెట్టినప్పుడు ఆ బిడ్డ ముఖము చూడలేము.

ఈ విషయము వ్రాయమని మా సంఘ స్త్రీల సమాజమువారు చాలాకాలముగా అడుగుతున్నారు. మాకు తెలిసినది మా అనుభవము కొంత, అడిగి తెలుసుకున్నది కొంత. మొదట అనుభవము.

2006 మే నెలలో మేమిద్దరము ఇంగ్లండులో నర్సుగా పని చేస్తున్న మా పెద్దమ్మాయి ప్రసవమునకు వెళ్ళాము. వెళ్ళేటప్పుడు మా నాన్నగారి బైబిలు కూడా తీసుకొని వెళ్ళాము. అది పాత బైబిలు. ముందున్న ఖాళీ పుటలలో నాలుగు తరముల జననములు, బాప్తిస్మములు, వివాహములు, మరణములు ఒక్కొక్కరి చేతివ్రాతతో ఉన్నాయి. 1989 నవంబరులో కావలి దగ్గర తుపాను తీరము దాటిన రాత్రి మా ఇంటి పైకప్పు లేచిపోతే, ఆ బైబిలును వంటపాత్రలో పెట్టి మూతవేసి కాపాడారు. అయినా కొన్ని పుటలకు నీటి మరకలు పడ్డాయి. మనుమరాలి పేరును ఆ పుటలోనే వ్రాయాలని మా అమ్మాయి పట్టుపట్టింది. బిడ్డ పుట్టిన మూడవ దినమున వ్రాశాము.

తిరుగు ప్రయాణము ఆగస్టు 12, శనివారము. గురువారము ఉదయము, అనగా 10వ తేదీన, అల్లుడు టీవీ పెట్టగానే లండను విమానాశ్రయములన్నీ జనముతో క్రిక్కిరిసి కనిపించాయి. అట్లాంటిక్ మీదుగా వెళ్ళే విమానములను ఆకాశములోనే పేల్చివేయాలని కొందరు పన్నిన కుట్రను పోలీసులు రాత్రికి రాత్రే పట్టుకున్నారు. చల్లని పానీయముల సీసాలలో పేలుడు ద్రవము నింపి చేతిసంచులలో తీసుకొని వెళ్ళాలన్నది వారి ఎత్తు. అంతవరకు తనిఖీ యంత్రములు మంచినీళ్ళకు, ఆ ద్రవమునకు తేడా చెప్పలేకపోయేవి. (2009లో ముగ్గురిని న్యాయస్థానము ఈ నేరము క్రింద దోషులని తేల్చింది.) అందుచేత బ్రిటను ప్రభుత్వము ఒక్క పూటలో ఆజ్ఞ ఇచ్చింది: చేతిసంచి అసలే కూడదు. పాస్‌పోర్టు, టిక్కెట్టు, పర్సు, కళ్ళజోడు, ప్రయాణమునకు చాలినంత మందు. ఇవి కూడా లోపల ఏముందో కనిపించే ప్లాస్టిక్ సంచిలోనే ఉండాలి. కళ్ళజోడు సరే గాని దాని పెట్టె కూడదు. సెల్‌ఫోను కూడదు. పుస్తకము కూడదు.

పుస్తకము కూడదన్న మాట దగ్గర మేము ఆగిపోయాము. "నాన్నా, బైబిలు పెద్దపెట్టెలో పెట్టేద్దాం, ఏమీ కాదు" అని అమ్మాయి అన్నది. దానిని పాత చీరెలో చుట్టి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, పెట్టె మధ్యలో దాచింది. చేతిసంచిలో పెట్టుకోవాలనుకున్న నారింజ జాము సీసా కూడా, మేము చూడకుండా, ఆ పెట్టెలోనే సర్దింది. ఆ సీసా సంగతి చివరలో చెప్తాము.

అపొస్తలుడైన పౌలు తిమోతికి వ్రాసిన రెండవ పత్రిక చివరి అధ్యాయములో, త్రోయలో కర్పు ఇంటిలో విడిచిన అంగీని, పుస్తకములను తెమ్మని అడుగుతాడు. చిన్ననాటి నుండి ఆ వచనము చదువుతూనే ఉన్నాము గాని, చెరసాలలో ఉన్న భక్తునికి ఒక అంగీ మీద, పుస్తకముల మీద ఇంత మనసేమిటి అని ఎన్నడూ ఆలోచించలేదు. ఆ శనివారము పెద్దపెట్టె రబ్బరు పట్టీ మీద కదిలి గోడలోని కన్నములోనికి వెళ్ళిపోయినప్పుడు తెలిసింది.

తరువాత భద్రతా తనిఖీ. రెండు గంటలు వరుసలో నిలబడ్డాము. మా ముందు ఒక చంటిబిడ్డ తల్లి ఉన్నది. పాలసీసా లోపలికి రావాలంటే తనిఖీవారి ఎదుట ఆమె ఆ పాలు త్రాగి చూపాలి. ఆమె ఒక గుక్క త్రాగింది. ఎవరూ నవ్వలేదు.

మాలో ఒకరికి షుగరు వ్యాధి. రెండు పూటలా ఇన్సులిన్ సూది వేసుకోవాలి. మూడు సీసాలు, సిరంజిలు, నెల్లూరు డాక్టరుగారి చీటీ ప్లాస్టిక్ సంచిలో పెట్టాము. అక్కడి ఉద్యోగిని చీటీ చూసి, పాస్‌పోర్టు చూసి, మళ్ళీ చీటీ చూసింది. రెండింటిలో పేర్లు వేరు! చీటీ మీద ఉన్నది ఇంటిలో పిలిచే పేరు. పాస్‌పోర్టులో ఉన్నది బాప్తిస్మపు పేరు, దాని వెనుక ఇంటిపేరు. మన క్రైస్తవ కుటుంబములలో ఇది ఎంత మామూలో మీకు తెలుసు. బడిలో ఒక పేరు, సంఘపు రిజిస్టరులో ఒక పేరు, రేషను కార్డులో మరొక పేరు. ఆ దేశపు ఉద్యోగినికి ఇది ఎట్లా విప్పి చెప్పగలము? అమ్మాయి బయటే ఆగిపోయింది. మాకు వచ్చిన ఇంగ్లీషు ఆ పూటకు చాలలేదు. చివరకు పైఅధికారి వచ్చి ప్రయాణమునకు ఒక సీసా చాలునని తేల్చాడు. తక్కిన రెండు సీసాలు పెద్దపెట్టెలో పెట్టుకొమ్మన్నాడు, కాని పెట్టె అప్పటికే వెళ్ళిపోయింది. ఆ రెండూ చెత్తబుట్టలో పడ్డాయి. వారి మీద మాకు కోపము లేదు. ఆ నాలుగు దినములు వారు కూడా నిద్రలేకుండా నిలబడినవారే.

అసలు కష్టము విమానములో వచ్చింది. భోజనమునకు ముందు వేసుకోవాలి గదా అని, సీట్లో కూర్చోగానే సూది వేసుకోవడము జరిగింది. విమానము కదలలేదు. గంట, రెండు గంటలు, మూడు గంటలు. పెట్టెలు సరిచూస్తున్నారని చెప్పారు. మామూలుగా చేతిసంచిలో బిస్కట్లు, ఒక పొట్లము చక్కెర ఉండేవి. ఆ రోజు సంచే లేదు. చెమటలు పట్టాయి, చేతులు వణికాయి, మాట తడబడింది. గంట నొక్కితే ఎయిర్‌హోస్టెస్ అమ్మాయి పరుగున వచ్చి, ముఖము చూడగానే గ్రహించి, పెద్ద గ్లాసుతో పండ్లరసము తెచ్చి త్రాగించింది. పావుగంటలో తేరుకోవడము జరిగింది. ఆ బిడ్డ పేరైనా అడగలేదు. ఇప్పటికీ మా కుటుంబ ప్రార్థనలో ఆమెను పేరు లేకుండానే తలంచుకుంటాము.

ఇది చదువుతున్న షుగరు రోగులు ఒక్క మాట గుర్తుంచుకోండి. భోజనపు పళ్ళెము ఎదుటికి వచ్చేవరకు విమానములో సూది వేసుకోకండి. మీ డాక్టరును అడిగి గ్లూకోజు బిళ్ళలు జేబులో ఉంచుకోండి. ఇన్సులిన్‌ను పెద్దపెట్టెలో పెట్టకండి. సామాను అరలో చలికి గడ్డకడితే అది పనికిరాదు. మందుల చీటీ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్లే, అక్షరము తప్పకుండా, ఇంగ్లీషులో వ్రాయించుకోండి. ఆ చీటీకి మూడు నకళ్ళు తీసి వేర్వేరు చోట్ల పెట్టుకోండి. మందును దుకాణపు పెట్టెతోనే ఉంచండి, విడి సీసా చూస్తే ఎవరైనా అనుమానిస్తారు.

మిగిలిన పది గంటలు చదువుటకు ఏమీ లేదు. కంఠస్థముగా వచ్చిన కీర్తనలు మెల్లగా చెప్పుకున్నాము. సండేస్కూలులో బెత్తము చూపి నేర్పిన మా పాత మేష్టారును ఆ రాత్రి చాలాసార్లు తలంచుకున్నాము. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలలో మాకు చరణములు సహా ఎన్ని వచ్చునో లెక్కపెట్టాము. పల్లవులు చాలా వచ్చును, చరణములు తక్కువ.

ఇక నిబంధనల సంగతి. ఇట్టివి ఎప్పుడూ ఒక అపాయము వెనుకనే వచ్చాయి. 1999 డిసెంబరు 24న కాఠ్మండు నుండి ఢిల్లీకి బయలుదేరిన మన విమానమును హైజాక్ చేసి కాందహారుకు తీసుకొనిపోయిన తరువాత, మన విమానాశ్రయముల కాపలా కేంద్ర పారిశ్రామిక భద్రతా దళము చేతికి వచ్చింది. 2001 సెప్టెంబరు 11 తరువాత చాకులు, కత్తెరలు పోయాయి. 2006లో ద్రవములు పోయాయి. బ్రిటనులో ఆ పూర్తి నిషేధము కొన్ని దినములే నడిచింది. ఆ సంవత్సరము నవంబరు 6 నుండి ఐరోపా అంతటా కొత్త కొలత వచ్చింది. ఏ ద్రవమైనా 100 మిల్లీలీటర్లకు మించని సీసాలో, ఆ సీసాలన్నీ కలిపి లీటరు పట్టే ఒక్క పారదర్శకపు సంచిలో ఉండాలి. విదేశ ప్రయాణములకు మన దేశములోనూ ఈ 100 మిల్లీలీటర్ల లెక్కే పాటిస్తారు. సీసా పెద్దదై లోపల కొంచెమే మిగిలినా ఒప్పుకోరు, వారు చూసేది సీసా పట్టును. కొత్త యంత్రములు వచ్చిన చోట ఈ పట్టు సడలుతున్నది. ఎడిన్‌బరో, బర్మింగ్‌హామ్ విమానాశ్రయములు 2025లో రెండు లీటర్ల వరకు అనుమతించాయి. అయితే అక్కడ ఒప్పుకున్నారని చెన్నైలో వాదించకండి.

మనవారు ఎక్కువగా పోగొట్టుకొనేది ఊరగాయ. నూనెలో ఉన్నది గనుక ద్రవముగా లెక్కిస్తారు. ఆవకాయైనా, రొయ్యల పచ్చడియైనా పెద్దపెట్టెలోనే పెట్టాలి. గాజు సీసా వద్దు. మందమైన ప్లాస్టిక్ డబ్బాలో పోసి, మూత చుట్టూ టేపు వేసి, రెండు కవర్లలో కట్టి, బట్టల మధ్య పెట్టండి. నెయ్యి, కొబ్బరినూనె సంగతి కూడా అంతే. మిరపకారము చేతిసంచిలో కూడదు, కళ్ళలో చల్లవచ్చునని వారి భయము. ఎండు కొబ్బరి దగ్గర చాలామందికి ఆశ్చర్యము కలుగుతుంది. నూనె ఎక్కువగా ఉండి, మూసిన చోట తనంతట తానే వేడెక్కి అంటుకొనే గుణము ఉన్నందున అది నిషేధపు పట్టికలో ఉన్నది. అగ్గిపెట్టె, లైటరు ఇంటి దగ్గరే వదలండి. సెల్‌ఫోనుకు చార్జింగు పెట్టే పవర్‌బ్యాంకు విషయములో లెక్క తిరగబడింది. అది పెద్దపెట్టెలో కూడదు, చేతిసంచిలోనే ఉండాలి.

అన్నిటికంటె గట్టిగా చెప్పవలసినది గసగసాలు. మనకు అవి కూరలో మసాలా. ఎమిరేట్స్, సౌదీ అరేబియాలలో అవి మత్తు పదార్థము క్రింద నేరము. తెలియదంటే అక్కడ వినరు, చెరసాలకు పంపుతారు. మసాలా పొడి కొట్టేటప్పుడే గసగసాలు వేయకండి. అట్లే కొన్ని నొప్పి బిళ్ళలు, దగ్గు మందులు కూడా ఆ దేశములలో చీటీ లేకుండా కూడవు. ప్రక్క ఊరివారు వచ్చి, "మా తమ్ముడికి ఈ పొట్లము ఇయ్యి నాయనా" అంటే, విప్పి చూడనిది తీసుకోవద్దని మీ పిల్లలకు చెప్పండి. మొగమాటము అనుకుంటారు. అనుకోనివ్వండి. వారి ఎదుటే విప్పి చూడమనండి, ఇష్టము లేనివారు తామే తిరిగి తీసుకొని వెళ్తారు.

చెన్నైకి సాగనంప వచ్చినవారికి ఒక సలహా. మనము కారు నిండా వెళ్తాము, ప్రార్థన చేస్తాము, ఏడుస్తాము, లోనికి పంపి వెంటనే తిరుగుదారి పడతాము. ఇమ్మిగ్రేషను ముద్ర పడిన తరువాత బిడ్డ వెనుకకు రాలేడు, వద్దన్న వస్తువును మనకు అందించలేడు. గనుక లోనికి వెళ్ళకముందే, బయట నిలబడినప్పుడే, చేతిసంచి ఒకసారి పూర్తిగా విప్పి చూడండి. సిగ్గుపడవద్దు. ఆదివారపు బట్టలలో ఉన్న పెద్దలు నేలమీద కూర్చొని సంచి సర్దడము అక్కడ రోజూ కనిపించేదే.

మా పెట్టె మాతో రాలేదు. ఆ వారములో లండనులో వేలాది పెట్టెలు వెనుకబడిపోయాయి. చెన్నైలో ఒక కాగితము ఇచ్చి, వస్తే తెలియజేస్తామన్నారు. ఇంటికి వచ్చిన దినము నుండి మేము వెదికినది చీరెలు కాదు, బహుమతులు కాదు. మా తాతగారి బాప్తిస్మము తేదీ మాకు ఎవరికీ నోటికి రాదని అప్పుడే తెలిసింది. దానిని నకలు వ్రాసి పెట్టుకోవాలని నలభై ఏళ్ళలో ఒక్కరికీ తోచలేదు. ఎనిమిదవ దినమున ఫోను వచ్చింది. గూడూరులో రైలు ఎక్కి వెళ్ళాము.

పెట్టె అక్కడే విప్పాము. నారింజ జాము సీసా పగిలి, చీరెలోనికి, కవరు చిల్లులోనికి దిగింది. ఖాళీ పుటలకు ఏమీ కాలేదు. మనుమరాలి పేరు, వ్రాసినది వ్రాసినట్లే ఉన్నది. సంఖ్యాకాండము నుండి ద్వితీయోపదేశకాండము సగము వరకు మాత్రము పుటల అంచులు అంటుకొనిపోయాయి. ఆవిరి పట్టి, బియ్యపు గింజలు చల్లి, బ్లేడుతో కొన్ని విడదీశాము. ఎండాకాలములో ఇప్పటికీ చీమలు పడతాయి. ఖాళీ పుటలను ముగ్గురు పిల్లలకూ నకలు తీయించి ఇచ్చాము. సంఖ్యాకాండములో వాక్యభాగము వచ్చిన ఆదివారము ఎదురింటి అక్కయ్యగారి బైబిలు అడిగి తెచ్చుకుంటాము.