పత్రికకు పంపిన కథ: అపోహలు – వాస్తవాలు

కథ రాయడమెలాగో నేర్పేవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. రాసిన కథను పత్రికకు ఎలా పంపాలి, పంపాక అక్కడ ఏం జరుగుతుంది అన్నది చెప్పేవాళ్లే తక్కువ. తెలియనిచోట పుకార్లు పుడతాయి. వాటిని నమ్మి కొందరు మంచి కథల్ని పంపకుండానే దాచుకుంటున్నారన్నది నా బాధ.

అపోహ: తెలిసినవాళ్ల కథలే వేస్తారు.

ఇందులో కొంత నిజముంది. పేరున్న రచయిత కథ త్వరగా చదువుతారు. దీపావళి, ఉగాది ప్రత్యేక సంచికలకు సంపాదకులే కొందరిని అడిగి రాయించుకుంటారు. మరి మిగతా వారాల మాటేమిటి? వారానికో కథ వేసే ఆదివారం అనుబంధానికి ఏడాదికి 52 కథలు కావాలి. పేరున్నవాళ్లు అన్ని రాయలేరు, రాసినవన్నీ బాగుండవు కూడా. అందుకే కొత్త కథకుడు దొరికితే సంపాదకుడికి పండగే. ఇక కథల పోటీల్లో చాలావాటికి రచయిత పేరు కథ ప్రతి మీద ఉండకూడదు, కథతోపాటు పంపే హామీపత్రం మీదే ఉండాలి. చదివేవాళ్లకు ఆ కథ ఎవరిదో తెలియకూడదనే ఈ నియమం. 1998లో అమెరికా తెలుగువాళ్లు మొదలుపెట్టిన ‘ఈమాట’ వెబ్ పత్రిక, వచ్చిన రచనల్ని సమీక్షకులతో చదివించే పద్ధతి పెట్టుకుంది. సిఫారసు మాట అటుంచి ముందు కథ పంపండి.

అపోహ: తిరిగొచ్చిందంటే కథ బాగాలేదన్నమాట.

ఎక్కువమందిని కుంగదీసేది ఇదే. నిజానికి కథ తిరిగి రావడానికి కథతో సంబంధం లేని కారణాలు ఎన్నో ఉంటాయి. ఈనాడు సంస్థ 1978లో ‘చతుర’, ‘విపుల’ అని రెండు మాసపత్రికలు తెచ్చింది. 2021లో ఆగిపోయేదాకా చతురలో నెలకో నవల, విపులలో కథలు వచ్చేవి. ఎంత గొప్ప కథ రాసినా చతురకు పంపితే దానికక్కడ చోటే ఉండేది కాదు. 1966లో వరంగల్ నుంచి మొదలైన ‘సృజన’కు ఒక స్పష్టమైన దృక్పథం ఉండేది. దానికి తగిన కథ కుటుంబ వారపత్రికకు తగకపోవచ్చు, అక్కడిది ఇక్కడా కుదరకపోవచ్చు.

నిడివి ఇంకో చిక్కు. ఒకటిన్నర పేజీల చోటులో ఆరు పేజీల కథ ఇరికించలేరు. సంక్రాంతి కథను జనవరి మొదటి వారంలో పంపితే అప్పటికే పేజీలు కట్టేసి ఉంటారు. పిల్లలు అమెరికాలో, ముసలి తల్లిదండ్రులు ఊళ్లో అన్న ఇతివృత్తం మీద కథలు కుప్పలుగా వస్తూనే ఉంటాయి. కిందటి నెలే అలాంటిది ఒకటి వేసుంటే, మీది అంతకంటే బాగున్నా ఆగిపోవచ్చు. అందుకే పంపేముందు ఆ పత్రిక సంచికలు మూడు నాలుగైనా చదవాలి. పాత పత్రికల కోసం కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో నెలకొల్పిన కథానిలయం గ్రంథాలయం ఉండనే ఉంది.

అపోహ: పెద్ద పత్రికలో వస్తేనే లెక్క.

కొంపెల్ల జనార్దనరావు నడిపిన ‘ఉదయిని’ కొద్ది సంచికలే వచ్చింది. శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ అంకితమిచ్చింది ఆ చిన్న పత్రిక సంపాదకుడికే. 1990 నుంచి కథాసాహితి సంస్థ వేస్తున్న ‘కథ’ వార్షిక సంకలనాలకు కథల్ని ఏరేది ఆ ఏడాది పత్రికల్లోంచే. చిన్న పత్రికలో వచ్చినా మంచి కథ వెతికేవాళ్ల కళ్లపడుతుంది.

అపోహ: సంపాదకుడు చెయ్యి పెడితే కథ పాడవుతుంది.

మంచి సంపాదకుడు ముందు చూసేది మొదటి పేజీ. తెలతెలవారుతుండగా పక్షుల కిలకిలలతో మొదలై, అసలు మనిషి మూడో పేజీలో గానీ కనబడని కథలు ఎన్ని వస్తాయో! ఆ రెండు పేజీలు తీసేయమంటే రచయితకు ప్రాణం పోయినట్టుంటుంది. తీశాక కథ నిలబడుతుంది. చివర్లో నీతిని విప్పి చెప్పే పేరా కూడా అంతే. అది పోతే కథకు వచ్చే నష్టమేమీ లేదు.

అయితే ఒక్కచోట నేను రచయిత పక్షానే నిలబడతాను. శ్రీకాకుళం మాటనో, తెలంగాణ మాటనో, రాయలసీమ మాటనో ‘శిష్టభాష’లోకి దిద్దడం సంపాదకుడి పని కాదు. ముగింపు మార్చాలన్నా, పేరు మార్చాలన్నా ముందు రచయితతో మాట్లాడాలి. రచన రచయిత పేరుతోనే రావాలని కోరే హక్కూ, తన గౌరవానికి భంగం కలిగేలా దాన్ని వక్రీకరిస్తే అభ్యంతరం చెప్పే హక్కూ 1957 నాటి కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ఇస్తోంది. హక్కులు రాసిచ్చేసినా ఇవి పోవు.

అపోహ: రిజిస్టర్ చేయించకపోతే కథ దొంగల పాలవుతుంది.

రాసిన క్షణం నుంచే కాపీరైట్ మీది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. హక్కుల బదలాయింపు రాతపూర్వకంగా, సంతకంతో జరగాలి. ఎంతకాలమో రాయకపోతే అది 5 ఏళ్లకే వర్తిస్తుంది. భయపడాల్సింది దొంగలకన్నా, చదవకుండా పెట్టే సంతకానికి. పోటీ నిబంధనల్లో ‘సర్వహక్కులు’ అన్న మాట కనబడితే ఆగి చదవండి.

అపోహ: ఒకే కథ నాలుగు పత్రికలకు పంపితే ఎక్కడో ఒకచోట పడుతుంది.

రెండు చోట్లా పడితే? ఒకే ఆదివారం రెండు అనుబంధాల్లో ఒకే కథ వస్తే ఇద్దరు సంపాదకులూ మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటారు, మంచికి కాదు. ‘మరెక్కడా పరిశీలనలో లేదు’ అని హామీపత్రంలో రాసింది మీరే కదా. ఫేస్‌బుక్‌లోనో, బ్లాగులోనో పెట్టిన కథను కూడా చాలా పత్రికలు ప్రచురితమైన కథ కిందే లెక్కగడతాయి.

జవాబివ్వని పత్రికల తప్పూ ఇందులో ఉంది. నెలల తరబడి పలుకూ ఉలుకూ లేకుంటే రచయిత ఏం చేస్తాడు? పత్రిక చెప్పిన గడువు దాటాక, గడువు చెప్పకపోతే మూడు నెలలు చూశాక, కథ పేరూ పంపిన తేదీ వేసి ఒక్క ముక్క అడగండి. అప్పటికీ జవాబు లేకపోతే ‘ఈ కథను ఉపసంహరించుకుంటున్నాను’ అని రాసి, ఆ మెయిల్ దాచుకుని, వేరే పత్రికకు పంపేయండి.