వార్తల్లో పదం: సామూహిక ఔషధ పంపిణీ

బోదకాలు వ్యాపించే ప్రాంతాల్లో, జబ్బు లక్షణాలు ఉన్నా లేకపోయినా, అర్హులందరి చేతా ఏడాదికొకసారి మాత్రలు మింగించే కార్యక్రమాన్ని సామూహిక ఔషధ పంపిణీ అంటారు. ఇందులో వాడే డీఈసీ మాత్ర పుట్టుకకు యుద్ధంతో సంబంధం ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవుల్లో దిగిన అమెరికా సైనికులు వేల సంఖ్యలో దోమకాటు వల్ల బోదకాలుకు దారితీసే ఫైలేరియా బారిన పడటంతో, అక్కడి ప్రజలు తరతరాలుగా భరిస్తున్న ఆ వ్యాధికి మందు కనుగొనడం ఒక్కసారిగా అత్యవసరమైంది. సైనికులకు సోకేదాకా ఆ తొందర కలగకపోవడం గమనించదగ్గది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన విభాగానికి నాయకత్వం వహించిన లెడర్లీ సంస్థ నుంచి, యుద్ధం ముగిసిన రెండేళ్లకు, 1947లో ఈ మందు వెలువడింది. ఆయన పుట్టిన గోదావరి ప్రాంతమే బోదకాలుకు పేరుపడ్డది. రక్తంలోని సూక్ష్మ ఫైలేరియాలను, అంటే క్యూలెక్స్ దోమ ఒకరి నుంచి మరొకరికి చేరవేసే పిల్ల పురుగులను, ఈ మందు తొలగిస్తుంది గనుక వ్యాప్తి తగ్గుతుంది గాని, ఏళ్ల తరబడి వాచి మందమైన కాలు మాత్రం దీనితో మామూలు స్థితికి రాదు. రెండేళ్ల లోపు పిల్లలు, గర్భిణులు, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారు తప్ప మిగిలినవారు ఈ మాత్రలను పరగడుపున కాక, ఏదైనా తిన్న తర్వాత, సిబ్బంది ఎదుటే మింగాలి.