ఢిల్లీ లేఖ: దిగులుకు ఏ సూచి?

పార్లమెంటు సమావేశాలు లేని ఒక వారం పుదుచ్చేరి వెళ్ళి, కదిర్కామంలోని ఇందిరాగాంధీ ప్రభుత్వ వైద్య కళాశాల ఆవరణలో ఒక ఉదయం గడిపాను. యానాం నుంచి వచ్చిన తెలుగు తండ్రి ఒకరు తారసపడ్డారు. పదో తరగతి చదివే కుమారుడు నిద్ర మాని, అన్నం మాని, ఎవరితోనూ మాట్లాడడం లేదట. పూజ తప్పని పిల్లవాడికి ఈ దిగులేమిటన్నది ఆయనకు అంతుపట్టలేదు.

ఆ సందేహం ఢిల్లీకి కొత్తది కాదు. 1999లో ఎస్.బి. చవాన్ అధ్యక్షతన పార్లమెంటరీ స్థాయీసంఘం విలువల విద్యపై నివేదిక ఇచ్చింది. మురళీ మనోహర్ జోషి మంత్రిగా ఉండగా 2000లో వెలువడిన ఎన్‌సిఇఆర్‌టి పాఠ్యప్రణాళిక చట్రం, బుద్ధి సూచి, భావోద్వేగ సూచి సరసన ఆధ్యాత్మిక సూచిని కూడా కూర్చోబెట్టింది. ప్రతిపక్షాలు కాషాయీకరణ అన్నాయి. 2002 సెప్టెంబరులో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు, మతాలను గురించి తెలియజెప్పడం వేరు, మతబోధ వేరని చెప్పి, 28వ అధికరణానికి భంగం లేదన్నది. అంత రభసలో దిగులుపడిన పిల్లవాడి ఊసు వినిపించినట్టు నాకు జ్ఞాపకం లేదు.

మనస్తత్వ శాస్త్రజ్ఞుల దృష్టిలో ఆధ్యాత్మిక ప్రజ్ఞ అంటే పూజాపునస్కారం కాదు, జీవితానికి అర్థం వెతుక్కోగల శక్తి. బహుముఖ ప్రజ్ఞల సిద్ధాంతకర్త హోవర్డ్ గార్డ్‌నర్ దానిని తన జాబితాలో చేర్చడానికి సందేహించారు. 2008లో కెనడాలో డేవిడ్ కింగ్ 24 వాక్యాల కొలమానం తయారుచేశారు. ఇటువంటి కొలతలలో ముందున్న విద్యార్థులలో దిగులు తక్కువని కొన్ని అధ్యయనాలు చెబుతున్నాయి. అయితే అర్థం దొరికినందువల్ల దిగులు తగ్గిందా, దిగులు పట్టినందువల్ల అర్థం పోయిందా? ఆ లెక్కలు తేల్చవు. బతుకు నిరర్థకమనిపించడమే ఆ జబ్బు లక్షణాలలో ఒకటి గదా!

ఇదే పట్టణంలో 1943లో అరవిందాశ్రమం పాఠశాల పెట్టింది. అక్కడ చదువు పూర్తయినా పట్టాలివ్వరు. ఆ భాగ్యం ఎందరికి? దేశంలో 2022లో 13 వేల మందికి పైగా విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంక సంస్థ లెక్క. ఆత్మహత్యాయత్నం చేసినవారు తీవ్ర మానసిక ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం అన్నది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ 2023లో మరణించిన విద్యార్థిని కేసులో, 2025 జూలై 25న సుప్రీంకోర్టు 15 మార్గదర్శకాలు ఇచ్చింది: వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన సలహాదారు ఉండాలి, మార్కులను బట్టి పిల్లలను వేరువేరు తరగతులుగా విడదీయరాదు.

ఇది జ్వరంవంటి జబ్బేననీ, భక్తిలోపం కాదనీ ఆ తండ్రికి చెప్పాను. ఆయన నమ్మినట్టు కనిపించలేదు. అయినా చీటీ పట్టుకుని వరుసలో నిలబడ్డారు. సలహాదారులను ఎన్ని బడులలో నియమించారో వచ్చే సమావేశాలలో మన ఎంపీలు అడగవచ్చు. నక్షత్రపు గుర్తు ప్రశ్నకు పదిహేను రోజుల నోటీసు చాలు.