ఒక్కొక్కరికి ఇంతమాత్రమే

వర్తకుడు సరకు నమ్ముటకే దుకాణము తెరచును. కొనువాడు సొమ్ము చేతబట్టుకొని యెదుట నిలిచి "పది యిమ్ము" అని యడుగగా, "రెండింటికి మించి యీయను" అని వర్తకుడు చెప్పుట మొదట వింతగా దోచును. అయినను ఇట్టి నియమము లోకములో పలుచోట్ల కలదు. పిల్లలాడుకొను బొమ్మల పెట్టెలకును, ఉల్లిపాయలకును, బియ్యమునకును ఇది వర్తించుచున్నది. దీనికి కారణమేమో, దీనివలని మేలేమో, లోపమేమో మన విద్యార్థులును వారి తలిదండ్రులును తెలిసికొనుట యుక్తము.

ముందుగా బొమ్మల సంగతి చెప్పుదును. డెన్మార్కు దేశమందలి బిల్లుండ్ అను చిన్న యూరిలో ఓలె కిర్క్ క్రిస్టియాన్‌సెన్ అను వడ్రంగి 1932లో కొయ్య బొమ్మలు చేయ నారంభించెను. మన ఏటికొప్పాక, కొండపల్లి పనివారివలె నతడును మొదట కొయ్యనే నమ్ముకొనినవాడు. అతడు స్థాపించిన లెగో సంస్థ తరువాత ప్లాస్టిక్కుతో చిన్న యిటుకలను చేయసాగెను. ఆ యిటుకల నేటి రూపమునకు 1958 జనవరి 28వ తేదీన పేటెంటు కొరకు దరఖాస్తు చేయబడెను. ఆనాటి యిటుకయు నేటి యిటుకయు ఒకదానితో నొకటి బిగియును. ఎనిమిదేసి బొడిపెలుగల ఒకే రంగు ఇటుకలు ఆరు చేతనున్నచో, వానిని 91,51,03,765 విధములుగా కూర్పవచ్చునని గణితజ్ఞులు లెక్కకట్టిరి. కావుననే పిల్లలేగాక పెద్దలు సహితము వీనియం దాసక్తి చూపుచున్నారు.

ఈ యిటుకలను ఓడ, కోట, బండి మొదలగు నొక్కొక్క వస్తువు కట్టుటకు వలసినన్ని చేర్చి పెట్టెలుగా నమ్ముదురు. ఒక్కొక్క రకము పెట్టెను కొంతకాలము మాత్రమే చేసి, పిమ్మట మానివేయుదురు. మానిన తరువాత దానిని కోరువారు అదివరకే కొని దాచినవారియొద్దనే కొనవలెను. అప్పుడు ధర పెరుగుట కలదు. 1987 మొదలు 2015 వరకు గల పెట్టెల ధరలను పరిశీలించిన మాస్కో అర్థశాస్త్రజ్ఞులు, వాని ధర సగటున ఏటికి నూటికి 11 వంతున పెరిగినదని తేల్చిరి. అన్నియు నట్లు పెరిగినవని కాదు. కొన్నిటి ధర పడిపోయినది. అయినను లాభాపేక్షగలవారికి ఆ మాట చాలును. వారు ఆడుకొనుటకు గాక, దాచి యమ్ముటకే పెట్టెలను కొందురు.

ఇక నియమ మెందుకు పుట్టినదో ఒక చిన్న లెక్కవలన తెలియగలదు. ఒక దుకాణమునకు 40 పెట్టెలు వచ్చినవనుకొనుడు. తెల్లవారకమునుపే వచ్చి నిలిచిన యిద్దరు చెరి యిరువదియు కొనిపోయినచో, తరువాత బిడ్డను వెంటబెట్టుకొని వచ్చిన తండ్రికి ఖాళీ బల్లయే కనబడును. మనిషికి రెండే యని కట్టడి చేసినచో ఆ 40 పెట్టెలే ఇరువదిమందికి అందును. వర్తకునకు వచ్చు సొమ్ము రెండు విధములను సమానమే. అట్లయిన నాతనికి లాభమేమి? మొదటి రీతిని ఇద్దరు బేరగాండ్రు సంతసింతురు. రెండవ రీతిని ఇరువది కుటుంబములు మరల ఆ దుకాణమునకు వచ్చును. కావున ఈ నియమము కేవలము ధర్మబుద్ధిచే బుట్టినది కాదు. దూరదృష్టిగల వ్యాపారబుద్ధియు నిందు గలదు.

"సరకు తక్కువైనప్పుడు ధర పెంచిన చాలదా? అధికముగా కోరువాడే కొనును గదా" యని కొందరు ప్రశ్నింతురు. ధర పెంచినచో వరుస తగ్గుట నిజమే. కాని అప్పుడు సరకు ఎక్కువగా కోరువానికి గాక, ఎక్కువ సొమ్ము గలవానికి జేరును. కోరికయు సొమ్మును ఒక్కటి కావు. బొమ్మ విషయమున ఇది చిన్న సంగతి. బొమ్మలేని బిడ్డ పుల్లలతోను బంకమట్టితోను ఆడుకొనగలడు. ఆహార విషయమున నట్లు కాదు.

మన రాష్ట్రములో జరిగిన దానినే చూతము. 2019లో మహారాష్ట్ర, కర్ణాటక ప్రాంతములందు వానలచే ఉల్లి పంట చెడి, ఆ సంవత్సరాంతమున కిలో ధర 100 రూపాయలు దాటెను. అప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము తాను ఎక్కువ ధరకు కొని, రైతుబజారులలో కిలో 25 రూపాయలకు అమ్మించెను. మనిషికి ఒక కిలో మాత్రమే యని కట్టడి చేసెను. 2023లో టమాటాల ధర పెరిగినప్పుడును ఇట్లే తగ్గించిన ధరకు కొలత పెట్టి యమ్మిరి. బయట నూరు రూపాయలు పలుకు సరకు లోపల నిరువదియైదుకు దొరకునప్పుడు కొలత లేకున్న నేమగును? ఒకడు లోపల గోనెలకొలది కొని బయట నమ్ముకొనును. ప్రజల సొమ్ముతో తగ్గించిన ధర వాని జేబులోనికి బోవును. కావున తక్కువ ధరయు కొలతయు కాడికి కట్టిన రెండెడ్లవంటివి. ఒకటి లేక రెండవది నడువజాలదు.

2019లోనే కేంద్రప్రభుత్వము మరియొక హద్దును గూడ పెట్టెను. అది కొనువానికి గాక వర్తకునికే. చిల్లర వర్తకుడు 100 క్వింటాళ్లకును, టోకు వర్తకుడు 500 క్వింటాళ్లకును మించి ఉల్లిని నిల్వచేయరాదని సెప్టెంబరులో నియమించి, డిసెంబరులో ఆ హద్దును ఇంకను తగ్గించెను. దుకాణపు బల్లయొద్ద పేదవానిని "ఒక్క కిలోయే" యని నిలిపి, వెనుక గిడ్డంగిలో వేల బస్తాలు దాచనిచ్చినచో న్యాయము కాదు. ఈ రెండు హద్దులును కలిసియుండవలెను.

అయినను ఈ నియమమునందు గొప్ప లోప మొకటి కలదు. అది బల్లయొద్ద నిలిచిన తలను లెక్కించును గాని, ఇంట నున్న కడుపులను లెక్కింపదు. ఇద్దరున్న యింటికిని ఎనమండుగురున్న యింటికిని ఒక కిలోయే యన్నచో పేరునకు సమానమేగాని, ఫలితమున సమానము కాదు. బజారు ప్రక్క నివసించువాడు ఉదయ మొకసారి, సాయంత్ర మొకసారి వరుసలో నిలువగలడు. పాచిపెంట కొండలమీది గూడెమునుండి ఘాటు దిగి సాలూరు చేరువాడు ఒక దినపు కూలి పోగొట్టుకొనియే రావలెను. వాడు వచ్చునప్పటికి సరకు మిగిలియుండునో లేదో! వాని కా కిలో ఉల్లి ఖరీదు 25 రూపాయలు మాత్రమే కాదు. పోయిన కూలిని గూడ దానికి చేర్చి లెక్కింపవలెను.

ఈ లెక్క మిక్కిలి పురాతనమైనది. నిర్గమకాండము 16వ అధ్యాయమున, అరణ్యములో ప్రజలు మన్నాను కూర్చుకొన్న విధము మనము చదివియున్నాము. అక్కడి కొలత గుడారమునకు ఇంత యని కాదు. గుడారములోని తలకొక ఓమెరు చొప్పున. మన దేశమున 2013లో చేసిన ఆహారభద్రతా చట్టము రెండు కొలతలను వాడినది. ప్రాధాన్య కుటుంబములకు నెలకు మనిషికి 5 కిలోల ధాన్యము. కడు పేదలకు అంత్యోదయ పథకము క్రింద, మనుష్యు లెందరైనను, కుటుంబమునకు 35 కిలోలు. ఏడుగురున్న యింట ఈ రెండును ఒక్కటే యగును. ఏడుగురికి తక్కువైన యింట రెండవది మేలు. ఎక్కువైన యింట మొదటిది మేలు. విద్యార్థులు తమ యింటి లెక్కను వేసి చూచుకొనవచ్చును.

కట్టడి ఎన్నడు తీయవలెననునదియు చిక్కు ప్రశ్నయే. రెండవ ప్రపంచ యుద్ధకాలమున బ్రిటను దేశములో 1942 నుండి మిఠాయిలకు గూడ రేషను పెట్టిరి. యుద్ధము ముగిసిన పిమ్మట 1949 ఏప్రిలులో దానిని తీసివేసిరి. పిల్లలును పెద్దలును ఒక్కుమ్మడిగా దుకాణములమీద పడగా సరకు చాలక, ఆ ఆగస్టులోనే మరల పెట్టవలసివచ్చెను. తుదకు 1953 ఫిబ్రవరిలో గాని అది తొలగలేదు. దీనివలన తెలియునదేమనగా, కట్టడి ఉన్న సరకును పంచును గాని, లేని సరకును పుట్టింపజాలదు. సరకు పెరిగిననాడే అది తనంత తాను అనవసరమగును.

కట్టడిని దాటు ఉపాయములును లేకపోలేదు. ఒకడు తాను రెండు కొని, భార్యచే రెండు, తమ్మునిచే రెండు కొనిపించును. కంప్యూటరు ద్వారా కొనుచోట్ల పలు పేరులతో కొనువారు గలరు. దీనికి విరుగుడుగా వర్తకులు ఇంటి చిరునామాను చూతురు. చౌకధరల దుకాణములలో వేలిముద్ర తీసికొందురు. కాని కాపలా పెరిగినకొలది నిజాయితీపరునకే శ్రమ యెక్కువగును. వేలు అరిగిన ముసలి కూలివాని ముద్ర యంత్రమునకు దొరకనప్పుడు, దొంగను పట్టుటకు పెట్టిన వల వానికే తగులుచున్నది.

కావున ఎక్కడనైనను "ఒక్కొక్కరికి ఇంతమాత్రమే" యను పలక కనబడినప్పుడు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఇది మనుష్యులను లెక్కించుచున్నదా, ఇండ్లనా? దూరమునుండి ఆలస్యముగా వచ్చువానికి భాగ ముంచినదా? అమ్మువాని గిడ్డంగికిని ఇట్టి హద్దు గలదా? ఈ మూటికిని తగిన యుత్తరము దొరికినచో అది న్యాయమైన కట్టడి; దొరకనిచో దానిని సవరింపుమని యడుగుట పౌరుల విధి.

విద్యార్థులకు ఈ పాఠము దూరపుది కాదు. గ్రంథాలయములో నొక పుస్తకము ఒకటే ప్రతి యుండి, చదువగోరువారు ముప్పదిమంది యున్నప్పుడు, ఒక్కొక్కరికి ఒక వారమని ఉపాధ్యాయుడు నియమించును. ఆ వారము ముగిసినను పుస్తకమును పెట్టెలో దాచినవాడు ఉపాధ్యాయునికి గాదు, తన తరువాతి పేరుగల స్నేహితునికి బాకీపడినవాడు. ఆ పేరు ఎవరిదో పట్టికలో చూచి, చెప్పిన దినముననే పుస్తకమును వాని చేతికీయుడు.