సెలవుల్లో చిన్న కొలువు.. మనసుకు కొండంత బలం

ఇంటర్ పరీక్షలు అయిపోయాయి. ఎంట్రన్సులూ ముగిశాయి. కౌన్సెలింగ్ పూర్తయి కాలేజీ తెరిచేదాకా ఇంట్లో ఖాళీయే. రాత్రి రెండింటి వరకు ఫోను, పొద్దున పదింటికి నిద్రలేవటం. ఇలాంటి రోజుల్లో ఓ సాయంత్రం మీ అమ్మాయి వచ్చి, ‘అమ్మా, మన వీధి చివర పుస్తకాల షాపులో బడులు తెరిచే సీజన్‌కు సాయంగా ఎవరైనా కావాలంటున్నారు. నేను వెళ్లనా?’ అని అడిగిందనుకోండి. మీరేమంటారు?

చాలా ఇళ్లలో ముందుగా వచ్చే మాట ‘మనకేం తక్కువైందని?’. ఆ వెంటనే ‘నలుగురూ ఏమనుకుంటారు?’. ఇవి ప్రేమతో అనే మాటలే. కానీ కాదనే ముందు కాస్త ఆగండి. సరైన చోట, పరిమితమైన గంటలు చేసే పని టీనేజీ పిల్లల మనసుకూ శరీరానికీ మేలు చేస్తుంది. హద్దు దాటితే అదే చేటు. ఆ హద్దు ఎక్కడుందో పెద్దలుగా మీకు తెలిసి ఉండాలి.

ఒక్క మాట. చదువు మాన్పించి, ఇంటి అవసరం కోసం పిల్లల్ని పనిలోకి పంపటం వేరు. అది వాళ్ల బాల్యాన్ని లాక్కోవటమే. ఇక్కడ చెప్పుకొంటున్నది చదువుకు అడ్డు రాకుండా, ఇష్టపడి, సెలవుల్లో చేసే పని గురించి.

మార్కులు కాని కొలబద్ద

మన పిల్లలకు పదో తరగతి నుంచీ ఒకటే కొలబద్ద.. మార్కులు, ర్యాంకులు. ఇంట్లో అదే మాట, చుట్టాల ఇళ్లలోనూ అదే మాట. ఫలితాలొచ్చిన రోజు కొందరు పిల్లలు గది తలుపు గడియ పెట్టుకునేది ఫిజిక్స్‌లో మార్కులు తగ్గినందుకే కాదు. ‘నేను దేనికీ పనికిరాను’ అని తమ గురించి తామే తీర్పు ఇచ్చేసుకోవటం వల్ల కూడా. ఆ తీర్పు తప్పని చూపించేందుకు వాళ్ల చేతిలో వేరే రుజువు ఉండదు.

చిన్న పని అలాంటి రుజువునిస్తుంది. పుస్తకాల షాపునే తీసుకోండి. ‘ఆరో తరగతి సెట్టు ఇవ్వమ్మా’ అని ఒకరు, ‘ఈ అట్టలు ఎంత?’ అని మరొకరు ఒకేసారి అడుగుతారు. ఇద్దరికీ జవాబు చెప్పాలి. చిల్లర లెక్క తప్పకూడదు. విసుక్కునేవాళ్ల దగ్గరా ఓర్పుగా ఉండాలి. మొదటి రెండు రోజులు తడబడతారు. వారం తిరిగేసరికి ఏ పుస్తకం ఏ అరలో ఉందో వెతకకుండానే తీసిస్తారు.

ఇలా కలిగే ధీమా గురించి మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లోనే వివరించారు. ఒక పనిని చేయగలననే నమ్మకానికి అన్నిటికన్నా గట్టి పునాది, స్వయంగా చేసి గెలిచిన అనుభవమేనన్నారు. ‘నువ్వు చేయగలవు నాన్నా’ అని మనం ఎన్నిసార్లు చెప్పినా, ఒక్కసారి తాను చేసి చూసుకున్నదానికి సాటి రాదు.

ఎన్ని గంటలన్నదే కీలకం

అమెరికాలో హైస్కూలు పిల్లలు పార్ట్‌టైమ్‌గా పని చేయటం మామూలే. మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్ నగరంలో 1988లో సుమారు వెయ్యి మంది తొమ్మిదో తరగతి పిల్లలను ఎంచుకుని, వాళ్లు పెద్దయ్యేదాకా గమనిస్తూ వచ్చారు. జేలన్ మోర్టిమర్ అనే సామాజిక శాస్త్రవేత్త ఆధ్వర్యంలో సాగిన ఈ అధ్యయనంలో రెండు సంగతులు బయటపడ్డాయి. వారానికి 20 గంటలు మించకుండా, నిలకడగా పని చేసినవాళ్లు తర్వాత డిగ్రీ చదువుల్లోనూ బాగానే ముందుకెళ్లారు. ఎక్కువ గంటలు పని చేసినవాళ్లలో మాత్రం మద్యం అలవాటు వంటి చిక్కులు ఎక్కువగా కనిపించాయి. పని స్వభావమూ ముఖ్యమేనని తేలింది. కొత్త విషయం నేర్పే పని ధీమా పెంచితే, ఒత్తిడి పెట్టే పని దిగులు పెంచింది.

మన ఇంటర్ పిల్లలకు కాలేజీ, స్టడీ అవర్లు పోగా మిగిలే సమయమే తక్కువ. కాబట్టి మనకు సెలవులే సరైన కాలం. రోజుకు మూడు, నాలుగు గంటలు చాలు.

శరీరానికీ ఓ క్రమం

టీనేజీలో శరీర గడియారం సహజంగానే కాస్త వెనక్కి జరుగుతుంది. నిద్ర ఆలస్యంగా వస్తుంది. దానికి ఫోను తోడైతే రాత్రి పగలవుతుంది. ఫలానా వేళకు ఒక చోట ఉండాలన్న బాధ్యత ఉంటే లేవటం, తినటం, పడుకోవటం మళ్లీ గాడిన పడతాయి. 13-18 ఏళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలన్నది నిపుణుల సూచన. పని వల్ల ఈ నిద్ర తగ్గుతుంటే పనే తగ్గించాలి.

ఈ వయసు పిల్లలు రోజుకు సగటున గంటసేపైనా ఒళ్లు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దగ్గరి షాపుకు నడిచి వెళ్లినా అందులో కొంత తీరుతుంది. ఖాళీ కడుపుతో పంపకండి. నీళ్ల సీసా, చిన్న డబ్బాలో తినేదేదైనా పెట్టండి. ఎక్కువసేపు నిలబడాల్సి వస్తే మెత్తని చెప్పులు ఉండాలి. ఎండలో తిరిగే పనైతే వేసవిలో వద్దనే చెప్పండి.

చట్టం ఏమంటోంది?

మన దేశంలో 14 ఏళ్లలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవటం నేరం. బడి వేళలు కాని సమయంలోనూ సెలవుల్లోనూ సొంత ఇంటివాళ్ల వ్యాపారంలో, ప్రమాదం లేని పనుల్లో సాయపడటానికి మాత్రం మినహాయింపు ఉంది. 14 నుంచి 18 ఏళ్ల మధ్య వారిని గనులు, మండే పదార్థాలు, పేలుడు పదార్థాల వంటి ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. మిగతా చోట్ల కూడా వారికి కొన్ని నియమాలున్నాయి.

* వరుసగా మూడు గంటలకు మించి పని చేయించకూడదు. ఆ తర్వాత కనీసం గంట విశ్రాంతి ఇవ్వాలి.
* విశ్రాంతి, ఎదురుచూసే సమయం కలుపుకొన్నా రోజులో ఆరు గంటలు దాటకూడదు.
* రాత్రి 7 నుంచి ఉదయం 8 గంటల మధ్య పని కుదరదు.
* ఓవర్‌టైమ్ ఉండకూడదు. వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి.

ఇవి దాటమని అడిగే యజమాని దగ్గర మీ పిల్లలు ఉండనవసరం లేదు.

ఏవి మంచివి? ఏవి వద్దు?

పుస్తకాల షాపు, స్టేషనరీ, బట్టల దుకాణంలో కౌంటర్, తెలిసినవారి ఆఫీసులో కంప్యూటర్ పని, చిన్న పిల్లలకు ట్యూషన్.. ఇవన్నీ మంచివే. మీకే దుకాణం ఉంటే స్టాకు రాయటం, బిల్లులు వేయటం అప్పగించండి. ఇంట్లో పనే కదా అని ఉత్తినే చేయించుకోకండి. వేళ, జీతం చెప్పి మరీ పెట్టుకోండి.

బండి మీద తిరిగి సరుకులు అందించే పనికి మాత్రం ససేమిరా అనండి. లైసెన్సు లేని పిల్లలు బండి నడిపితే కన్నవారికి లేదా బండి యజమానికి 25 వేల రూపాయల జరిమానా, మూడేళ్ల వరకు జైలు పడే అవకాశం ఉంది. ‘ఇంట్లో కూర్చుని వీడియోలకు లైక్ కొట్టండి, వేలు సంపాదించండి’ అనే మెసేజ్‌లనూ నమ్మనివ్వకండి. పని ఇచ్చేవాళ్లు ముందు మన దగ్గరే డబ్బు అడిగారంటే అది మోసమే. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

పంపే ముందు మీరే ఓసారి ఆ చోటు చూసి రండి. యజమానితో మాట్లాడండి. అక్కడ ఇంకా ఎవరుంటారో, బాత్‌రూమ్ ఉందో లేదో తెలుసుకోండి. అమ్మాయైనా అబ్బాయైనా ‘ఎవరైనా ఇబ్బంది పెడితే ఆ క్షణమే వచ్చెయ్, జీతం పోయినా ఫరవాలేదు’ అని ముందే చెప్పండి. పిల్లలకు సాయం కోసం 1098 నంబరు ఉంది.

ఆ డబ్బు వాళ్లదే

జీతం వెయ్యి రూపాయలైనా సరే, అది వాళ్ల డబ్బు. ఇంటి ఖర్చుల్లో కలిపేయొద్దు. ‘ఇప్పుడు సంపాదిస్తున్నావుగా’ అని పాకెట్ మనీ ఆపొద్దు. అలాగని మొత్తం ఒకేరోజు ఖర్చు చేసేయనివ్వటమూ మంచిది కాదు. కొంత దాచుకోవటం, కొంత ఇష్టమైనది కొనుక్కోవటం, కొంత ఎవరికైనా ఇవ్వటం.. ఈ మూడూ అలవాటు చేయండి. పదేళ్లు దాటిన పిల్లలు సొంతంగా నిర్వహించుకునేలా బ్యాంకులు ఖాతాలు ఇస్తున్నాయి. ఒకటి తెరిపించండి.

ఎప్పుడు ఆపాలి?

పనికి వెళ్లిన కొద్ది రోజులకు నిద్ర చెడటం, అన్నం సరిగా తినకపోవటం, చీటికీమాటికీ కోపం, ఆ షాపు పేరెత్తితేనే ముడుచుకుపోవటం కనిపిస్తే ఊరుకోకండి. కూర్చోబెట్టి నెమ్మదిగా అడగండి. ‘మధ్యలో మానేస్తావా?’ అని దెప్పకండి. మానేయటమూ వాళ్లు తీసుకోదగ్గ నిర్ణయమే. దిగులు రెండు వారాలు దాటినా తగ్గకపోతే మానసిక వైద్యులను కలవండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. ఇక చావు గురించి మాట్లాడినా, తనకు తాను హాని చేసుకునేలా ఉన్నా ఒక్క రోజు కూడా ఆగకూడదు.

చిన్న చిన్న తప్పులకు మాత్రం మీరు అడ్డం వెళ్లకండి. లెక్కలో యాభై రూపాయలు తేడా వచ్చిందనుకోండి. షాపు ఆయనకు మీరు ఫోన్ చేసి సర్దిచెప్పొద్దు. పొరపాటు ఒప్పుకొని, దిద్దుకుని రావటం తననే నేర్చుకోనివ్వండి. రేపు హాస్టల్లో, ఉద్యోగంలో మీరు పక్కన లేని రోజున పనికొచ్చేది అదే.

నెల తిరిగాక మీ అమ్మాయి మిఠాయి పొట్లం, అమ్మమ్మకు ఓ చీర పట్టుకుని గుమ్మంలోకి వస్తుంది. ఆ పూట ర్యాంకు ఎంతని అడగకండి. ఇవాళ షాపులో ఏం జరిగిందో అడగండి. చెప్పటానికి తన దగ్గర చాలానే ఉంటుంది.