చెట్టుకు చీపురు మొలిచిందా? అదే మీ ప్రాజెక్టు!

యాప్రాల్‌లో మా వీధి కానుగ చెట్ల ఆకులనిండా బుడిపెలు చూసి 'బ్యాక్టీరియా' అని తేల్చేశాను. చదివింది ఇంజినీరింగ్ కదా, నమ్మకానికి లోటు లేదు! ఎదురింటి అంకులైతే కొమ్మలు కొట్టించడానికి మనిషిని కూడా మాట్లాడేశారు. తీరా చూస్తే అది కంటికి కనిపించని ఓ నల్లి పని. ఏడాకులపాల ఆకుల మీద పొక్కులూ అంతే, చిన్న పురుగు పెట్టేవి.

మరి బ్యాక్టీరియా చేస్తే ఎలా ఉంటుంది? ఆకులు చిన్నవైపోతాయి, కణుపులు దగ్గరపడతాయి, కొమ్మ చీపురుకట్టలా గుబురుగా మారుతుంది. వంగ, నువ్వు చేలల్లో మన రైతులు 'వెర్రి తెగులు' అనేది ఇలాంటిదాన్నే. శ్రీగంధానికి వచ్చే స్పైక్ తెగులూ ఈ కోవలోదే. కొడగులో 1899లోనే దాన్ని గుర్తించినా, చాలాకాలం వైరస్ అనుకున్నారు. 1967లో జపాన్ శాస్త్రవేత్తలు తెగులు సోకిన మల్బరీ వంటి మొక్కలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూశాక ఇలాంటి తెగుళ్ల వెనకున్న అసలు దొంగ దొరికింది. అదే ఫైటోప్లాస్మా, కణ కవచం లేని బ్యాక్టీరియా. రసం పీల్చే దీపపు పురుగుల్లాంటివి దీన్ని చెట్టు నుంచి చెట్టుకు మోస్తాయి.

చిక్కేమిటంటే, మామూలు బ్యాక్టీరియాలా దీన్ని ప్లేటులో పెంచి చూడలేం. అందుకే ఆకు ఈనెల నుంచి డీఎన్ఏ తీసి, 16ఎస్ జన్యువును రెండు విడతల పీసీఆర్‌తో పెంచుతారు. సుమారు 1,250 అక్షరాల ముక్క వస్తుంది. దాన్ని సీక్వెన్స్ చేయించాక మిగిలేది ల్యాప్‌టాప్ పనే.

కంప్యూటర్ సైన్స్ వాళ్లూ, ఇక్కడ మీకు చోటుంది. జెన్‌బ్యాంక్‌లో శాండల్ స్పైక్ సీక్వెన్సులు ఉచితంగా దొరుకుతాయి. నిడివి సరిపోయేది ఒకటి దించుకుని బ్లాస్ట్‌లో వేయండి. తర్వాత ఐఫైక్లాసిఫయర్‌లో పెట్టండి. 17 ఎంజైములతో కోస్తే ఎక్కడెక్కడ తెగుతుందో లెక్కగట్టి, అది ఏ గ్రూపో చెబుతుంది. ఆ కోతలనే బయోపైథాన్‌తో మీరే రాసి, రెండు ఫలితాలూ పోల్చండి. లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ ఇప్పటికే వెయ్యిమంది చేసేశారు, దాన్ని వదిలేయండి!

బయోటెక్ వాళ్లకు ఒక మాట. రెండు విడతల పీసీఆర్‌లో కాస్త కలుషితమైనా అబద్ధపు పాజిటివ్ వచ్చేస్తుంది. ఆరోగ్యంగా ఉన్న చెట్టు ఆకు, ఉత్త నీళ్లు - ఈ రెండు కంట్రోల్స్ లేని ఫలితాన్ని నమ్మకండి. ఇంటర్వ్యూలో ముందు వాటి గురించే చెప్పండి. మాకు దగ్గర్లోనే శామీర్‌పేట వైపు జినోమ్ వ్యాలీ ఉంది, హబ్సిగూడలో సీసీఎంబీ, రాజేంద్రనగర్‌లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఇంటర్న్‌షిప్ అడుగుతూ మెయిల్ పెట్టేటప్పుడు రెజ్యూమెతోపాటు మీ కోడ్ లింకు కూడా పంపండి.